అంగుళానికో దెబ్బ

మొన్న మా అమ్మాయి వాళ్ల కాలనీ పార్కులో పొద్దున నడకకు పోయి, మోకాళ్లు మొరాయిస్తే సిమెంటు బల్ల మీద కూలబడినప్పుడు, ఎదురుగా గడ్డిలో ఒక పాతికేళ్ల కుర్రాడు పదిమంది యజమానులకూ పది కుక్కలకూ కలిపి పాఠం చెబుతూ కనబడ్డాడు. ఏదో పోటీ ఉందట. కుక్క భుజం మనిషి ఎడమ మోకాలికి సమంగా నడవాలట, మనిషి ఆగితే వంకర లేకుండా కూర్చోవాలట, పిలిస్తే వచ్చి ఎదురుగా కూర్చుని, మాట చెప్పగానే వెనకనుంచి చుట్టి తిరిగి మళ్లీ ఎడమ పక్కకే చేరాలట. సరిగ్గా చేసిన కుక్కకు ఒక బిస్కెట్టు, చేయని కుక్కకు జాలిపడి సగం బిస్కెట్టు. ఒక బొద్దు కుక్క జానెడు ఎడంగా కూర్చుంటే కుర్రాడు నవ్వి, ఇంకోసారి చేద్దాం అన్నాడు. జానెడంటే తొమ్మిది అంగుళాలు. నా వీపు దానంతట అదే జలదరించింది. తొమ్మిది అంగుళాలకు మా రోజుల్లో తొమ్మిది దెబ్బలు, అవీ కుక్కకు కావు.

ఇది రెండో యుద్ధం నడుస్తున్న రోజుల సంగతి. కిరసనాయిలు దొరక్క ఊళ్లకు ఊళ్లు పెందరాళే పడుకున్న ఆ కాలం మీలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది. హైదరాబాదులో నా కాలేజీ చదువు సగంలో ఉండగా నాన్న పోయాడు. ఉప్పునుంతల దగ్గర మాకున్న నాలుగు మెట్ట చెల్కలు నా ఇంగ్లీషుకు ఏమాత్రం లొంగలేదు. అప్పుడు వనపర్తికీ నాగర్‌కర్నూలుకూ నడుమ ఒక దొర ఉండే కోటలాంటి గడిలో పెద్ద గుమాస్తాగా ఉన్న మా మేనమామ నన్ను తీసుకుపోయి దొర ముందు నిలబెట్టాడు. నిలబెట్టాడన్నది మాటవరసకు. గడిలో దొర తప్ప నిలబడేవాళ్లు ఉండరు. తువ్వాల నడుముకు చుట్టుకుని, నడుము సగానికి వంచి, చూపు దొర చెప్పుల మీద పెట్టి ఉండాలి. మామ అందుకు నాకు ఇంటి దగ్గరే రెండు పూటలు సాధన చేయించాడు.

"చదువుకున్నోళ్ల నడుములు జర కట్టె లెక్క ఉంటయిరా అల్లుడా. రోజూ వంచితే అవే వస్తయి" అన్నాడు. ఆయన అన్నట్టే వారంలో వచ్చింది. కాలేజీలో అంత త్వరగా పట్టుబడిన విద్య నాకు మరొకటి లేదు.

మా దొర చెడ్డవాడని నేననను. ఎవరినో ఒకరిని కొట్టనిదే ఆయనకు తిన్నది అరిగేది కాదు, అంతే. నేను చేరిన నెలలోనే నీళ్లు మోసే ఒక పెద్దమనిషి కుండ పగలగొట్టినందుకు ఆయన చెవి మీద ఒక్కటి పడింది. అప్పటినుంచి ఆ మనిషి ఎటునుంచి పిలిచినా కుడిపక్కకే తిరిగేవాడు. మరొకతనికి మోచెయ్యి వెనక్కు మడతపడింది. అతడు గొర్రెలను అడ్డదారిన తోలాడు. ఇవన్నీ గడిలో వాతావరణం కిందే లెక్క, ఎండ ఎక్కువా తక్కువా అన్నట్టు పొద్దున్నే ఒకరినొకరు అడిగి తెలుసుకునేవాళ్లం.

ఏటా లింగాల అడవికి వేటకొచ్చే ఒక తెల్ల మిలిటరీ ఆఫీసరు, పోతూ పోతూ ఒక సీమకుక్క పిల్లను మా దొరకూ, దాని తోబుట్టువుల్లో ఒకదాన్ని పక్క ఊరి దొరకూ, మిగతావాటిని ఇంకొందరు దొరలకూ ఇచ్చిపోయాడు. ఇచ్చి ఊరుకోక, మళ్లీ చలికాలం వచ్చినప్పుడు వనపర్తిలో ఒక పరీక్ష పెడతాననీ, ఎవరి కుక్క చెప్పినట్టు వింటుందో చూస్తాననీ అన్నాడు, నేర్పడానికి ఒక ఇంగ్లీషు పుస్తకం కూడా ఇచ్చాడు. మా దొరకు ఉర్దూ వచ్చు, ఇంగ్లీషు రాదు. పక్క దొర కుక్క కంటే మన కుక్క ఒక్క వేలెడు తక్కువ విన్నా ఆయన బతికి ఉండలేడు. ఈ రెండు కారణాల వల్ల నాకు ఉద్యోగం దొరికింది.

కుక్కకు క్వీనీ అని పేరు పెట్టారు. ఊళ్లో కీనీ అయింది. దానికి నేర్పే పని చిచ్చాది. చిచ్చా అంటే చిన్నాన్న. నాకు చుట్టం కాదు, ఊరంతా ఆయన్ను అట్లాగే పిలిచేది. పందుల వేటకు కుక్కలను తయారు చేయడంలో ఆ చుట్టుపక్కల ఆయన్ను మించిన మనిషి లేడు. ఎడమ చేతికి మూడే వేళ్లు. మిగతా రెండూ ఒక మగపంది తీసుకుంది. వేటలో కుక్క మోకాలిని అంటిపెట్టుకుని ఉండకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఆ చెయ్యే చూపించేవాడు, పుస్తకం అక్కరలేదు.

నిజానికి ఆయనకు పుస్తకం ఎందుకూ అక్కరరాలేదు. పుస్తకం గొలుసు మెడకు బిగించి గుంజమంటుంది. చిచ్చా గొలుసు తీసి పక్కన పెట్టి, గడి గోడకూ తన కాలికీ నడుమ కుక్క పట్టేంత సందు మాత్రం ఉంచి నడిచేవాడు. పక్కకు జరుగుదామంటే గోడ, ముందుకు ఉరుకుదామంటే ఎడమ తొడ దగ్గర పిడికిట్లో జొన్నరొట్టె ముక్క. కూర్చోవడానికి తన ఎడమ పాదం పక్కన ఒక షాబాదు బండ ముక్క పెట్టాడు, సరిగ్గా కుక్క నాలుగు కాళ్లు పట్టేంత. బండ మీద కాళ్లు నాలుగూ ఉంటేనే రొట్టె. నెల తర్వాత ఇంకా చిన్న బండ, రెండు నెలలకు ఇంకా చిన్నది, ఆఖరికి బండ తీసేసి నేల మీద సున్నపు గీత. వెనకనుంచి చుట్టి రావడం నేర్పడానికి రెండు వెదురు కర్రలు సందులాగా పరిచాడు. మొదట వంకరగా, నెమ్మదిగా, తర్వాత తాళంలో తాళపుచెవి తిరిగినట్టు వచ్చి కూర్చునేది. చూస్తే ముచ్చటేసేది. దూరంనుంచి చూడగలిగితే.

దూరంనుంచి చూసే అదృష్టం నాకు లేదు. గడి వసారాలో ఉయ్యాల బల్ల మీద కూర్చుని దొర పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా ఈ పాఠం చూసేవాడు. నేను పుస్తకం చదివి అర్థం చెప్పాలి, కుక్క కూర్చోగానే నా చెక్క స్కేలుతో కొలవాలి. బండనుంచి, అది తీసేశాక సున్నపు గీతనుంచి, కుక్క ఎన్ని అంగుళాలు పక్కకు పోయిందో గట్టిగా చెప్పాలి. చెప్పినన్ని దెబ్బలు హంటర్‌తో పడేవి. హంటర్ అంటే తోలు కొరడా, పిడికి ఇత్తడి గుబ్బ. కుక్క సీమనుంచి వచ్చింది, కొడితే చెడిపోతుంది. అందుకని దెబ్బలు చిచ్చా వీపుకు. చిచ్చా స్థానికుడు.

మొదటి రోజు నేను చదువుకున్న గర్వంతో పదకొండున్నర అని చెప్పాను. దొర ఆ సగాన్ని కూడా వదలకుండా పన్నెండుగా సరిచేశాడు. చిచ్చా వంగినవాడు వంగినట్టే ఉండి, పన్నెండూ అయ్యాక, అదే వంపులో కుక్కకు మళ్లీ రొట్టె ముక్క చూపించాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఆ మధ్యాహ్నం నేను అన్నం ముందు కూర్చున్నాను. కూర్చున్నానంతే.

మర్నాటినుంచి ఏడు ఉంటే నాలుగనీ, నాలుగు ఉంటే రెండనీ చెప్పడం మొదలుపెట్టాను. చిచ్చా కనిపెట్టాడు. కుక్కకు నీళ్లు పెడుతూ మెల్లగా, "బేటా, నువ్వు తక్కువ కొలుస్తున్నవ్. నా వీపుకు తెలుస్తది. జర సంభాళించు, ఆయనవి గద్ద కండ్లు" అన్నాడు. ఎందుకు పడతావు చిచ్చా, ఎటన్నా పోరాదా అని అడిగితే, "కుక్కను కొడితే అది నేర్చుకోదు. నన్ను కొడితే దానికి ఫరక్ పడదు. పనైతే నడుస్తది గద" అన్నాడు. ఉద్యోగాన్ని గురించి అంతకంటే పొందికైన మాట నేను తర్వాతెప్పుడూ వినలేదు.

గద్ద కండ్లు నిజమే. ఒకరోజు దొర ఉయ్యాల దిగి వచ్చి, నా చేతిలోంచి స్కేలు తీసుకుని తానే కొలిచాడు. నేను రెండన్నాను, స్కేలు తొమ్మిదంటున్నది.

"ఏందిరా, ఇంగ్లీషు అంగుళం మన అంగుళం కంటె పొడుగుంటదా?" అని ఎంతో శాంతంగా అడిగాడు. ఆ తేడా ఏడు నాకు పడ్డాయి. నాలుగోది పడేసరికి నేను ఇంగ్లీషు పూర్తిగా మరిచిపోయాను. మామ సాయంత్రం పసుపు నూరి రాస్తూ, మీ అమ్మకు చెప్పకు, గోడ మీదినుంచి పడ్డానని చెప్పు అన్నాడు. ఆ ఊళ్లో సగంమంది గోడల మీదినుంచి పడినవాళ్లే.

అయినా కీనీ నేర్చుకుంది. తొమ్మిది నెలలు తిరిగేసరికి స్కేలు పెట్టడానికి సందు దొరికేది కాదు. చిచ్చా నడుము వంచి, చూపు నేలకు వేసి నడుస్తుంటే దాని భుజం ఆయన ఎడమ మోకాలికి కుట్టేసినట్టు ఉండేది. ఆగితే గీత మీద కూర్చునేది, వెంట్రుకవాసి తేడా లేదు. దెబ్బలు తగ్గాయి. చిచ్చా వీపు మీద పక్కులు కట్టడం మొదలైంది. దొరకు తిన్నది అరగక ఒకటి రెండు రోజులు జ్వరం కూడా వచ్చింది.

పుస్తకాన్ని ఆఖరి పేజీనుంచి చదవడం మంచిదని నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. వనపర్తి పరీక్ష ఇంక నాలుగు రోజులుందనగా నేను ఆఖరి పేజీకి వచ్చాను. అక్కడ, పోటీలో కుక్కను యజమానే స్వయంగా నడిపించాలి, నౌకర్లు పనికిరారు అని ఉంది. దొర విని, ఇంతేనా అన్నట్టు లేచాడు. తొమ్మిది నెలలుగా నేర్చిన కుక్క, మాటలు తెలుసు, సైగలు తెలుసు. బూట్లు టకటకలాడిస్తూ గడి వాకిట్లోకి దిగి, నిటారుగా నిలబడి, ఎడమ తొడ మీద చరిచి పిలిచాడు.

కీనీ వెనక్కు జరిగింది. పది అడుగులు వెనక్కు పోయి, పొట్ట నేలకు ఆనించి, చూపు కిందికి వేసి పడుకుంది. దొర అటు తిరిగి రెండడుగులు ముందుకేస్తే అదీ ఆ దూరమే ఉంచుకుని వెనక వెనకగా వచ్చింది. ఆగితే ఆగింది. సరిగ్గా మేమందరం దొర వెనక ఎట్లా నడుస్తామో అట్లాగే నడిచింది. నాకు ఆ క్షణంలో నవ్వు వచ్చిందని ఒప్పుకోవాలి. చిచ్చాకు రాలేదు. ఆయనకు తర్వాత ఏమవుతుందో తెలుసు.

ఆ రోజు అంగుళాలు కొలవలేదు. కొట్టడం ఆపినప్పుడు దొర ఆయాసపడుతున్నాడు, పక్కులన్నీ పోయి చిచ్చా వీపు మళ్లీ మొదటికొచ్చింది.

"వనపర్తిల తెల్లోని ముందర ఇది నా మోకాలు కాడ నిలవడకపోతే, దీన్ని కాల్చి బొంద పెడ్త. బొంద జర వెడల్పు తోడుమను, నువ్వు కూడ పట్టాలె" అని చిచ్చాకు చెప్పి లోపలికి పోయాడు. ఆయన ఉత్త బెదిరింపులు చేసే మనిషి కాడు. మాట మీద నిలబడతాడని ఊళ్లో పేరు.

మర్నాడు మధ్యాహ్నం దొర నిద్రపోతున్న వేళ, కుక్కల కొట్టం ముందు నేనూ చిచ్చా కూర్చుని ఉన్నాం. చిచ్చా ఒరిగి కూర్చున్నాడు, ఆనుకునేందుకు వీపు లేదు. నేను లేచి, కీనీని పిలిచాను. రాలేదు. వెనక్కే జరిగింది. పిలుస్తూ పిలుస్తూ చొక్కా జేబులోని కలం జారిపడితే తీసుకోవడానికి వంగాను. వంగిన క్షణంలో నా ఎడమ మోకాలికి వెచ్చగా ఏదో తగిలింది. కీనీ భుజం. చుట్టి వచ్చి, నిక్కచ్చిగా కూర్చుని, రొట్టె ముక్క కోసం ఎదురుచూస్తున్నది. లేచి నిలబడ్డాను, వెనక్కు పోయింది. వంగాను, వచ్చింది.

కుక్క మాటకంటే ముందు మనిషి వాటం చూస్తుందని పుస్తకంలో ఒక మూల ఉంది, నేనే చదివి వినిపించాను, దాని అర్థం మాలో ఎవరికీ తట్టలేదు. తొమ్మిది నెలలూ పాఠమంతా దొర కళ్ల ముందే జరిగింది. దొర కళ్ల ముందు చిచ్చా ఒక్కసారి కూడా నిటారుగా లేడు. ఆ కుక్క దృష్టిలో వంగినవాడే పక్కన కూర్చోదగిన మనిషి. నిటారుగా నిలబడేవాడు ఆ గడి మొత్తంలో ఒక్కడే, వాడు లేచాడంటే ఎవరికో దెబ్బలే.

చిచ్చా కీనీ ముందు రొట్టె ముక్క పెట్టాడు. "నేను దానికి నడక నేర్పుతున్న అనుకున్న బేటా. అది నా నడుమును నేర్చుకున్నది" అన్నాడు.

మరి ఇప్పుడు నిటారుగా నిలబడి నేర్పుదామంటే మూడు రోజులే ఉన్నాయి, గడిలో నిలబడే వీల్లేదు. కుక్కకు స్నానమని చెప్పి వాగులోకి తీసుకుపోయాం. అక్కడ ఎవరూ లేరు. చిచ్చా నిలబడడానికి ప్రయత్నించాడు. వీపు మీద పుండ్లు పగిలి రక్తం కారింది గాని నడుము పూర్తిగా లేవలేదు. "పదిహేనేండ్లయింది బేటా. ఎట్ల నిలబడతరో యాది లేదు" అన్నాడు. కాస్త లేచాడనుకునేసరికి దూరాన ఎక్కడో గుర్రం డెక్కల చప్పుడు వినబడింది, మనిషి ఠపీమని మడత పడ్డాడు. నేనూ పడ్డాను. ఎవరో జట్కావాడు పోతున్నాడు. మమ్మల్ని అట్లా చూసి కీనీకి ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక మా ఇద్దరి నడుమా తిరిగింది.

ఇక మిగిలింది ఒకటే దారి, దొరను వంచడం. ఆ మాట దొరతో అన్నవాణ్ణి పూడ్చడానికి బొంద కూడా తవ్వరు. కాబట్టి నేను పుస్తకంతో అనిపించాను. ఆ సాయంత్రం పోయి, రెండు పేజీలు అతుక్కుపోయి ఉండగా ఇప్పుడే ఊడదీశానని చెప్పి, లేని వాక్యాలు గడగడా చదివాను. ఉత్తమ జాతి కుక్కను నడిపే పెద్దింటి మనుషులు నడుమును ముందుకు వంచి, చూపు నేల మీద ఉంచి, చేతులు దగ్గరగా పెట్టుకుని నడవాలని అందులో ఉందన్నాను.

"వంగుడా? ఎవలికి?" అన్నాడు దొర.

"ఎవలికి కాదు దొరా. కుక్కకు తొవ్వ చూపియ్యనీకి. లండన్ల పెద్ద పెద్ద లార్డులు గిట్లనే నడుస్తరట."

దొర ఒక్క క్షణం నా మొహం చూశాడు. నా మొహం ఎప్పటిలాగే నేలను చూస్తున్నది. తర్వాత లోపలి వాకిట్లో వంగి చూశాడు. కీనీ పరుగున వచ్చి మోకాలి పక్కన కూర్చుంది. దొరకు పట్టలేని సంతోషమైంది. ఆ రెండు రోజులూ నేను స్కేలుతో దొర వంపు కొలిచాను, పుస్తకం ప్రకారం ఇంకో రెండంగుళాలు కిందికి దొరా అని చెప్పాను, ఆయన వంగాడు. వెదురు చిక్ తెర వెనక దొరసాని దగ్గు వినబడింది, ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు. పనివాళ్లు ఎన్నడూ లేనంత శ్రద్ధగా నేల చూశారు. నా బతుకులో అంత హాయిగా గడిచిన రెండు రోజులు ఎక్కువ లేవు.

వనపర్తి బయటి మైదానంలో డేరాలు వేశారు. ఏడు కుక్కలు, ఏడుగురు దొరలు, వాళ్ల మూటలు మోసి తెచ్చిన జనం ఓ రెండొందలు, చుట్టూ విప్పిన బండ్లు, ఎడ్లు. మా దొర వంతు వచ్చింది. తలపాగా, కోటు, బూట్లు, హంటర్ చంకలో. మైదానం నడిమికి పోయి, అంతమంది ముందు, నడుము సగానికి వంచి, చూపు నేలకు వేసి, చేతులు దగ్గరగా పెట్టుకుని నడిచాడు. కీనీ తేలుతున్నట్టు నడిచింది. ఆగితే కూర్చుంది, పిలిస్తే ఎదురొచ్చింది, చుట్టి తిరిగి పక్కకు చేరింది. చిచ్చా పెదవులు కదులుతున్నాయి, దువా చేస్తున్నాడనుకుంటాను.

జనం మొదట చప్పుడు చేయలేదు. అప్పుడు మా ఊరినుంచి నీళ్ల కడవ మోసుకొచ్చిన ఒక ముసలవ్వ, నిజంగానే తెలియక, "మన దొర ఎవలకు దండం పెడుతుండే?" అని పక్కామెను అడిగింది. రెండొందల మంది ఒకేసారి దగ్గారు.

తెల్ల ఆఫీసరు వచ్చి దొర చెయ్యి ఊపి, రెండు మాటలు చెప్పాడు. కుక్కకు నూటికి నూరు, ఇంత చక్కని కుక్కను తానెక్కడా చూడలేదు. కాని నడిపే మనిషి సహజంగా, నిటారుగా నడవాలి గనుక యజమాని మార్కులు తీసేశానన్నాడు. నేను మొదటి సగం తెలుగు చేసి ఊరుకున్నాను. పక్క దొర కొడుకు మద్రాసులో చదువుతున్నాడట. మిగతా సగం అతడు ఎంతో ఉత్సాహంగా తెలుగు చేశాడు. చేసి, నా చేతిలోని పుస్తకం తీసుకుని తిప్పి చూసి, వంగే సంగతి ఇందులో ఎక్కడా లేదే అన్నాడు.

మా దొర నవ్వాడు. నవ్వుతూనే మమ్మల్ని బండ్ల వెనక్కు తీసుకుపోయాడు. హంటర్ పిడి గుబ్బ నా నోటికి తగిలింది. రెండు పళ్లు ఎక్కడో దుమ్ములో పడ్డాయి. రెండోది కడుపులో, మూడోది ఎక్కడో నాకు తెలియదు. నేను రెండుగా మడుచుకుపోయి నోరు పట్టుకుని ఉన్నాను. అప్పుడు కీనీ, చిచ్చా చేతిలోంచి తాడు గుంజుకుని వచ్చి, నా ఎడమ మోకాలి పక్కన నిక్కచ్చిగా కూర్చుంది. అది నేర్చుకున్నది అదే మరి.

దొర బండిలోంచి తుపాకీ తీశాడు. "దాన్ని అట్లనే ఉండనియ్. కదలనియ్యకు" అన్నాడు చిచ్చాతో. కుక్క తల నా తుంటికి ఆని ఉంది. దొర గురి మరీ అంత మంచిదేం కాదు.

చిచ్చా వచ్చి మా ఇద్దరికీ దొరకూ నడుమ నిలబడ్డాడు. ఈసారి నిలబడ్డాడన్నది మాటవరసకు కాదు. వాగులో రానిది అక్కడెట్లా వచ్చిందో, ఎముకల చప్పుడు నాకు వినబడేలా, మెల్లగా, పూర్తిగా లేచాడు. దొరకంటే బెత్తెడు పొడుగు. అది అంతవరకూ ఎవరికీ తెలియదు. కీనీ చెవులు వెనక్కు వేసి లేచింది. కాని నేను వంగి ఉన్నంతసేపూ అది నన్ను వదలదు.

"లెవ్ బేటా. సీదా నిలబడు" అన్నాడు చిచ్చా వెనక్కు తిరగకుండా.

తుపాకీ ముందు లేచి నిలబడడం ఎట్లా ఉంటుందో చెప్పడం నాకు చేతకాదు. మూత్రం ఆగలేదు, అది మాత్రం చెప్పగలను. నిలబడ్డాను. కీనీ వెనక్కు జరిగింది. పది అడుగులు, ఇరవై, తర్వాత మళ్లుకుని ఎడ్ల కాళ్ల సందుల్లోంచి పారిపోయింది. దొర కాల్చాడు. గుండు ఒక బండి చక్రంలో దిగింది. రెండో గుండు పెట్టుకునే ఓపిక లేక తుపాకీని తిరగేసి, మడమతో చిచ్చా నడుము మీద కొట్టాడు. ఒకటి. రెండు. మూడోదానికి పచ్చికట్టె విరిగిన చప్పుడొచ్చింది. చిచ్చా వంగలేదు. నిలువునా, చెట్టు పడ్డట్టు పడ్డాడు. చప్పుడు విని టీ తాగుతున్న తెల్ల ఆఫీసరు వచ్చి, సాయంత్రం పాడవుతున్నదని విసుక్కుని ఆపించాడు. ఆయన విసుగుకు నేను ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి.

వనపర్తి దవాఖానలో చిచ్చా నాలుగు నెలలున్నాడు. నడుమెముక అతికింది గాని గట్టి కడ్డీలా అతికింది, ఇక ఈయన బతికినన్నాళ్లూ వంగలేడని డాక్టరు చెప్పాడు. చిచ్చా ఆ మాట విని నవ్విన నవ్వుకు పక్క మంచాలవాళ్లు లేచి కూర్చున్నారు. కీనీ మళ్లీ దొరకలేదు. ఆ ఏడాది పెబ్బేరు వైపు చేన్లలో కలుపు తీసే ఆడవాళ్ల పక్కన ఒక సీమకుక్క చేరిందనీ, వాళ్లు వంగి ఎంతసేపు పని చేస్తే అంతసేపు ఎడమ పక్కనే జరుగుతూ కూర్చుంటుందనీ, నడుం నొప్పికి లేచి నిలబడితే భయపడి దూరం పోతుందనీ ఎవరో వచ్చి చెప్పారు. పాపం, అందుకని ఆ ఆడవాళ్లు తొందరగా లేచేవాళ్లు కాదట.

నేను గడికి తిరిగి పోలేదు. నాగర్‌కర్నూలులో బడిపంతులునయ్యాను. పోలీసు యాక్షన్ తర్వాత దొర పట్నం పోయాడు, అక్కడ పెద్ద వయసులో, మంచం మీద, అందరిలాగే పోయాడని విన్నాను. చిచ్చా గద్వాలలో కూతురి దగ్గర ఉండేవాడు, అల్లుడు జట్కా తోలేవాడు. సెలవుల్లో పోయి చూసి వచ్చేవాణ్ణి. నమాజులో వంగవలసిన చోట వంగలేక తల కొంచెం ఆడించేవాడు, అల్లా ఆమాత్రం అర్థం చేసుకుంటాడని మసీదు పెద్దాయన చెప్పాడట. ఆ వాడలో ఇండ్ల గుమ్మాలు మరీ పొట్టివి, అందరూ తల వంచి దూరవలసిందే. ఈయన వంగలేడు గనుక మొదట్లో అల్లుడు పడుకోబెట్టి లోపలికి లాగేవాడు. తర్వాత గోడ పగలగొట్టి, మీది దూలం మూరెడు పైకి జరిపించాడు. ఆ వాడకట్టులో ఎత్తు గుమ్మం ఆ ఒక్క ఇంటికే. అయినా చూడ్డానికి వచ్చినవాళ్లందరూ అలవాటుకొద్దీ వంగే లోపలికి వచ్చేవాళ్లు, నాతో సహా. చిచ్చా మంచం మీదినుంచి, "ఎందుకు వంగుతరో తెల్వదు" అని అల్లుడితో అనేవాడు.

ఇప్పుడు అన్నీ ఎత్తు గుమ్మాలే. మా అమ్మాయి ఫ్లాటు తలుపు ఏడడుగులు, నేను అయిదడుగుల నాలుగంగుళాలు. నా మనవలు ఆ తలుపులోంచి బాణాల్లా పోతారు, ఆఫీసర్ల ముందు చేతులు జేబుల్లో పెట్టుకుని మాట్లాడతారు, చూస్తుంటే నాకు భయమూ సంతోషమూ ఒక్కసారే కలుగుతాయి. అది వాళ్లకు ఊరికే వచ్చిందనుకుంటారు, అనుకోనివ్వండి, ఊరికే వచ్చినట్టు ఉండడమే మంచిది. మన తరంవాళ్లమే, ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే, ప్రతి తలుపు దగ్గరా కొంచెం ఆగుతాం. మొన్న చిన్న మనవరాలు అడిగింది, తాతా, తలుపు నీకంటే ఎంతో ఎత్తుంది గదా, రోజూ ఎందుకు వంగుతావు, తగలదు అని. తగలదని నా తలకూ తెలుసు. నడుముకు చెప్పగలిగిన మనిషి ఒక్కడే ఉండేవాడు, ఆయన పోయి ముప్పై ఏళ్లయింది.